పట్నానికి భవనంలో సబ్‌స్టేషన్, పల్లెకు పొలమంతానా?

సబ్‌స్టేషన్‌కు భూమి కావాలని రెవెన్యూ వాళ్లు ఊళ్లోకి వస్తే మనం అడిగే మొదటి మాట ‘ఎకరాకి ఎంత ఇస్తారు’ అని. రెండో మాట ‘డబ్బులు ఎప్పుడు పడతాయి’ అని. రెండూ అడగాల్సినవే. కానీ వాటికన్నా ముందు అడగాల్సిన మాట ఇంకొకటుంది. ఇంత భూమి ఎందుకు? ఇదే పని ఇంకా తక్కువ భూమిలో కాదా? ఈ మాట అడిగితే సర్వేయరు నవ్వుతాడు. ‘కరెంటు సంగతి నీకేం తెలుసు పెద్దాయనా’ అంటాడు. ఆ కరెంటు సంగతి కాస్త తెలుసుకుందామనే ఈ నెల సంపాదకీయం దీని మీద రాస్తున్నాం. ఇది రాస్తున్నవాడు పదో తరగతి చదివిన రైతు, ఇంజినీరు కాదు. అయినా పొలం పోయేది మనది కాబట్టి లెక్క కూడా మనమే నేర్చుకోవాలి.

మనం చూసిన సబ్‌స్టేషన్లు ఎక్కువగా బయలు సబ్‌స్టేషన్లే. చుట్టూ కంచె, లోపల కంకర, ఇనుప స్తంభాల మీద పింగాణీ ఇన్సులేటర్లు, వాటి మధ్య సాగదీసిన తీగలు, బ్రేకర్లు, ఐసోలేటర్లు. ఇక్కడ కరెంటు ఒక తీగ మీద నుంచి పక్క తీగకు దూకకుండా ఆపుతున్నది ఉత్త గాలి. గాలి అంత గట్టి కాపలాదారు కాదు కాబట్టి దూరం పెంచుకోవాల్సి వస్తుంది. 400 కేవీ అయితే ఒక ఫేజుకీ ఇంకో ఫేజుకీ మధ్య నాలుగు మీటర్ల పైచిలుకు ఖాళీ ఉండాలి. ఒక్కో లైను వచ్చి దిగే గడిని వాళ్లు ‘బే’ అంటారు. ఆ ఒక్క గడి వెడల్పే సుమారు 27 మీటర్లు ఉంటుంది. వచ్చే లైన్లు, పోయే లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, రోడ్లు, కంట్రోల్ రూము, ‘భవిష్యత్ అవసరాలు’ అని వదిలే గడులు అన్నీ కలిపితే పదుల ఎకరాలు అవుతుంది. అంటే మన భూమిలో ఎక్కువ భాగం గాలి కోసం పోతోంది.

1960ల చివరి నుంచి ఇంకో పద్ధతి ఉంది. అదే బ్రేకర్లను, అదే ఐసోలేటర్లను, అదే తీగలను అల్యూమినియం గొట్టాల లోపల పెట్టి, ఆ గొట్టాల్లో ఎస్ఎఫ్6 అనే గ్యాసును మామూలు గాలి ఒత్తిడికి కొన్ని రెట్లు ఎక్కువ ఒత్తిడితో నింపుతారు. కరెంటును ఆపడంలో గాలి కన్నా ఆ గ్యాసు ఎన్నో రెట్లు గట్టిది. కాబట్టి మీటర్లలో ఉండాల్సిన దూరం సెంటీమీటర్లకు దిగుతుంది. గొట్టం పైభాగం ఎర్త్ అయి ఉంటుంది. దీన్నే గ్యాస్ ఇన్సులేటెడ్ స్విచ్‌గేర్, పొట్టిగా జీఐఎస్ అంటారు. స్విచ్‌యార్డు వరకు చూస్తే బయలు పద్ధతిలో పట్టే స్థలంలో ఐదో వంతు, కొన్నిచోట్ల ఇంకా తక్కువే చాలు. ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం నూనెతో నిండినవి కాబట్టి, నిప్పు భయం వల్ల మామూలుగా బయటే, మధ్య అడ్డుగోడలతో పెడతారు. అందువల్ల మొత్తం స్థలం ఐదో వంతుకు దిగదు. అయినా మిగిలేది కొద్ది భూమి కాదు.

ఇది మన దగ్గర లేనిదీ కాదు, కొత్తదీ కాదు. హైదరాబాద్ రాయదుర్గంలో 400 కేవీ సబ్‌స్టేషన్ ఈ పద్ధతిలోనే కట్టారు. చుట్టూ అద్దాల మేడలు, గజం ధర చెబితే మనకు కళ్లు తిరుగుతాయి, అక్కడ బయలు సబ్‌స్టేషన్‌కు చోటెక్కడిది? అమరావతిలో తాళ్లాయపాలెం దగ్గర 400 కేవీ జీఐఎస్ సబ్‌స్టేషన్‌ను 2025 జనవరిలో ప్రారంభించారు. రాజధాని మధ్య నుంచి పోయే 220 కేవీ లైన్లను భూమిలోకి దించే పని కూడా పెట్టుకున్నారు. మంచిదే. కానీ ఒక్క సంగతి గుర్తు చేయాలి. 2015లో భూసమీకరణలో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతుల పొలాలు అవి. అవి పొలాలుగా ఉన్నంతకాలం ఆ హైటెన్షన్ తీగలు తలమీదనే ఉన్నాయి. ప్లాట్లు అయ్యాక తీగలు కిందికి దిగుతున్నాయి. భూమి అదే, తీగ అదే, మారింది ఆ భూమికి కట్టిన ధర.

దీనికి విద్యుత్ సంస్థలు చెప్పే జవాబు మనకు తెలిసిందే. జీఐఎస్ సామగ్రి ఖరీదు ఎక్కువ, ఆ భారం టారిఫ్ మీద పడుతుంది, పల్లెలో భూమి దొరుకుతుంది కాబట్టి అక్కర్లేదు అంటారు. సామగ్రి ఖరీదు ఎక్కువన్నది నిజమే, కాదనం. కానీ ‘భూమి దొరుకుతుంది’ అన్న మాట దగ్గరే మన పేచీ. ఎలా దొరుకుతోంది? చాలాచోట్ల ముందు చూసేది ఎసైన్డ్ భూములు, మేత పోరంబోకులు, చెరువు పక్క బంజర్లు. దళితులు, బీసీలు రెండు మూడు తరాలుగా దున్నుకుంటున్న డి పట్టా భూములను ఖాళీ భూమి కింద లెక్కేస్తే ఖర్చు తక్కువగానే కనిపిస్తుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టా భూమి తీసుకుంటే గ్రామీణ ప్రాంతంలో మార్కెట్ విలువను 1 నుంచి 2 దాకా ఉండే గుణకంతో పెంచి, దాని మీద నూటికి నూరు సొలేషియం ఇవ్వాలి. ఆ లెక్కను, ముప్పై నలభై ఏళ్లు ఆ భూమిలో పండే పంటను పక్కపక్కన పెట్టి చూపించమనండి. అప్పుడు రెండు పద్ధతులకూ తేడా ఎంతో అందరికీ తెలుస్తుంది. ఆ కాగితం చూపకుండా ‘ఖరీదు ఎక్కువ’ అంటే అది లెక్క కాదు, అలవాటు.

చట్టంలో మనకు పనికొచ్చే మాటలున్నాయి. అదే 2013 చట్టంలో నాలుగో సెక్షను సామాజిక ప్రభావ అంచనా గురించి చెబుతూ, అడుగుతున్న భూమి ఆ ప్రాజెక్టుకు అవసరమైన అతి తక్కువ విస్తీర్ణమేనా అని తేల్చమంటుంది. ఎనిమిదో సెక్షను కూడా ఆ అతి తక్కువ మాటే చెబుతుంది. పదో సెక్షను నీటివసతి ఉండి రెండు మూడు పంటలు పండే భూమిని తప్పనిసరైతే తప్ప తీసుకోవద్దంటుంది. రైల్వే, రోడ్డు, కాలువ, కరెంటు లైను లాంటి పొడవాటి పనులకు అందులో మినహాయింపు ఉంది. కానీ సబ్‌స్టేషన్ లైను కాదు, ఒకచోట కూర్చునే కట్టడం. దాన్ని ఎక్కడ కట్టాలో ఎంచుకునే వీలుంది. అయితే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో ఈ చట్టానికి సవరణలు చేసుకుని, మౌలిక వసతుల పేరుతో ఈ అధ్యాయాల నుంచి ప్రాజెక్టులను తప్పించే అధికారం ప్రభుత్వాలు తమ చేతిలో పెట్టుకున్నాయి. ఆ సవరణలను మన సంఘం అప్పుడూ వ్యతిరేకించింది, ఇప్పుడూ వ్యతిరేకిస్తోంది. అయినా పదిహేనో సెక్షను మిగిలే ఉంది. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు భూమి విస్తీర్ణం మీద, ఆ భూమి ఆ పనికి తగునా కాదా అన్నదాని మీద రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు అది. ‘ఇంత భూమి ఎందుకు’ అన్న ప్రశ్నను కాగితం మీద పెట్టాల్సింది అక్కడే.

ఆ ప్రశ్న పెట్టాలంటే ఆ భవనం ఎలా ఉంటుందో కొంచెం తెలియాలి. లేకపోతే వాళ్లు ఒక డ్రాయింగు చూపి ‘ఇది ఇంతే’ అంటే మనం తలూపి వచ్చేస్తాం.

జీఐఎస్ భవనం మామూలు షెడ్డు కాదు. లోపల హాలు పొడవుగా ఉంటుంది. గొట్టాలు ఒక వరసలో నిలబడతాయి. పైన ఆ హాలు ఈ చివర నుంచి ఆ చివరకు కదిలే క్రేను ఉంటుంది, ఒక ముక్క పాడైతే దాన్ని ఎత్తి బయటికి తేవడానికి. గొట్టాలు బిగించేటప్పుడు లోపల దుమ్ము రేణువు పడినా తరువాత కరెంటు దానిమీదుగా దూకి పేలిపోయే ప్రమాదం ఉంది. అందుకని తలుపులు, కిటికీలు, నేల దుమ్ము రాకుండా కడతారు. గొట్టాల వరస ఒక్కటే శరీరంలాంటిది. కింద నేల ఒకచోట కుంగి ఇంకోచోట నిలబడితే అతుకులు లాగుకుపోతాయి. అందుకే నల్లరేగడిలో ఈ భవనం కట్టాలంటే పునాది చాలా గట్టిగా వేయాలి. మనకు తెలియదా, రేగడి నేల ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. ఇంటి గోడలే బీటలిస్తాయి.

అన్నిటికన్నా మనం చూడాల్సింది కింది అంతస్తు. హాలు కింద కేబుళ్ల గది ఉంటుంది. లైన్లు భూగర్భ కేబుళ్లుగా వస్తే ఆ గదిలోకి వచ్చి, అక్కడ వంగి, పైకప్పులో వదిలిన రంధ్రాల గుండా ఒక్కో గొట్టం అడుగుకు వెళ్లి కలుస్తాయి. హైటెన్షన్ కేబులు మన మోటారు వైరు కాదు, ఎక్కడ కావాలంటే అక్కడ మడవడానికి. దాని మందానికి సుమారు ఇరవై రెట్ల వ్యాసార్థంతో నిదానంగా వంగాలి. చేతి మందం కేబులు అయితే రెండు మూడు మీటర్ల వంపు కావాలి. అందుకే ఆ గది లోతుగా, ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు తక్కువ చేసి కడితే కేబుళ్లు బలవంతంగా వంచుతారు, తరువాత కాలేది అక్కడే. ఆ రంధ్రాలను నిప్పు పాకకుండా, నీళ్లు రాకుండా మూయాలి. ఒక కేబులు అంటుకుంటే పక్కవి అంటుకోకుండా ఎడం ఉండాలి. పవర్ కేబులు ఒక దారిలో, కంట్రోల్ కేబులు ఇంకో దారిలో పోవాలి.

ఇక్కడే పల్లె సంగతి వస్తుంది. డెల్టాలో మూడు నాలుగు అడుగులు తవ్వితే ఊట నీరు. నేల కింద గది కడితే అది బావి అవుతుంది, రాత్రీ పగలూ పంపు తిరగాలి. వరదొచ్చిన రోజు కరెంటు పోతే పంపూ ఆగుతుంది. కాబట్టి అలాంటి చోట కేబుళ్ల గదిని నేల మీదనే కట్టి, హాలును మొదటి అంతస్తుకు ఎత్తడం మంచిది. పాత రోజుల్లో వరద ఊళ్లలో మిద్దె మీద ధాన్యం దాచినట్టు. ఇది చేయకుండా కొన్నిచోట్ల ఏం చేస్తారంటే, మొత్తం స్థలాన్నే నాలుగైదు అడుగులు మట్టితో మెరక చేస్తారు. దాంతో పైనుంచి వచ్చే వాన నీరు, మురుగు కాలువలో పోవాల్సిన నీరు పక్క పొలాల్లో నిలబడుతుంది. నీరు పల్లమెరుగు అంటారు కదా, పల్లం మన పొలమే అవుతుంది. పైగా ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోంది? మన చెరువు నుంచో, పక్క మెట్ట నుంచో. మెరక చేసే ముందు ఆ స్థలం గుండా పోయే పంట బోదెలు, మురుగు కాలువలు ఎటు మళ్లిస్తారో డ్రాయింగులో చూపించాలని అడగండి. ట్రాన్స్‌ఫార్మర్ల కింద నూనె గుంట ఉందా, అందులోంచి పొంగే నీరు ఎటు పోతుంది అన్నదీ అడగండి. ట్రాన్స్‌ఫార్మర్ పగిలి నూనె కాలువలో పడితే ఆ కారు పంట పోయినట్టే.

గ్యాసు గురించి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఎస్ఎఫ్6 మామూలుగా విషం కాదు, మండదు. కానీ గాలి కన్నా ఐదు రెట్లు బరువు. కారితే పైకి పోదు, కింద కేబుళ్ల గదిలో, కందకాల్లో నిలబడి గాలిని తోసేస్తుంది. తెలియక దిగినవాడికి ఊపిరి అందదు. పాత బావిలో దిగి ప్రాణం పోగొట్టుకున్న కూలీల సంగతి మనకు తెలుసు, ఇదీ అలాంటిదే. లోపల నిప్పురవ్వ లేచి విరిగిన గ్యాసు అయితే విషం కూడా. అందుకే గాలి లాగే ఫ్యాన్లు పైన కాదు, నేల మట్టంలో ఉండాలి, గ్యాసు కారితే కూసే అలారం ఉండాలి. ఆ గదుల్లో పనికి దిగేది మన ఊరి కాంట్రాక్టు కుర్రవాళ్లే. ఇంకో సంగతి, భూమిని వేడెక్కించడంలో ఈ గ్యాసు కిలోకి కిలో చూస్తే బొగ్గుపులుసు గ్యాసు కన్నా 23 వేల రెట్లకు పైగా చెడ్డది. 1997 క్యోటో ఒప్పందంలోనే దీన్ని తగ్గించాల్సిన వాయువుల్లో చేర్చారు. ఐరోపా దేశాలు 2024లో నిబంధన చేసి, దశలవారీగా 2032 నాటికి పెద్ద వోల్టేజీల్లోనూ కొత్తగా ఎస్ఎఫ్6 సామగ్రి పెట్టకుండా నిర్ణయించుకున్నాయి. వేరే గ్యాసులతో పనిచేసే సామగ్రి తయారవుతోంది. వానలు తప్పి, ఎండలు ముదిరి నష్టపోయేది మనమే కాబట్టి, భూమి మిగులుతుందని ఈ గ్యాసును గుడ్డిగా నెత్తిన పెట్టుకోమని మేం చెప్పడం లేదు. కారకుండా కొలిచి లెక్క రాయాలి, వీలైన చోట కొత్త రకం సామగ్రి అడగాలి.

ఇక లైన్ల సంగతి. నిజానికి అసలు భూమి పోయేది యార్డులో కాదు, లైన్ల కింద. 132 కేవీ లైను కింద దారి వెడల్పు 27 మీటర్లు, 220 కేవీకి 35, 400 కేవీకి 46, 765 కేవీ డబుల్ సర్క్యూట్‌కు 67 మీటర్లు. కిలోమీటరు పొడవుకు లెక్కేయండి. 220 కేవీ అయితే ఎనిమిదిన్నర ఎకరాలు దాటుతుంది, 400 కేవీ అయితే పదకొండు ఎకరాల పైన, 765 కేవీ అయితే పదహారున్నర. ఇప్పుడు ఒక సబ్‌స్టేషన్‌కు నాలుగు వైపుల నుంచి నాలుగు 220 కేవీ లైన్లు వస్తున్నాయనుకోండి. సబ్‌స్టేషన్ దగ్గరి చివరి రెండేసి కిలోమీటర్లే తీసుకుంటే, దాదాపు 69 ఎకరాలు తీగల కిందికి వస్తాయి. ఆ భూమి మన పేరునే ఉంటుంది. కానీ ఇల్లు కట్టలేం, కొబ్బరి, మామిడి, సుబాబులు పెంచలేం, అమ్మబోతే కొనేవాడు ముఖం చిట్లిస్తాడు. సబ్‌స్టేషన్ చుట్టూ ఉన్న ఊరికి ఈ బాధ ఎక్కువ. సాలెగూడు మధ్యలో చిక్కిన ఈగలా ఉంటుంది ఆ ఊరి పరిస్థితి.

కాబట్టి భవనం ఎంత చిన్నదిగా కట్టారన్నది సగం లెక్కే. లైన్లు అందులోకి ఎలా వస్తున్నాయన్నది మిగతా సగం. జీఐఎస్ భవనానికి ఉన్న పెద్ద లాభం ఇదే, కేబులు నేరుగా కింద నుంచి వచ్చి గొట్టంలో కలుస్తుంది, బయట పెద్ద గాంట్రీలు అక్కర్లేదు. అన్ని లైన్లనూ మొత్తం దూరం భూమిలో వేయమని మేం అడగడం లేదు. కేబులు ఖర్చు పైలైనుకు ఎన్నో రెట్లు. 400 కేవీ కేబులు చాలా దూరం వేస్తే దాన్ని చార్జి చేయడానికే కరెంటు ఖర్చయి, మధ్యలో రియాక్టర్లు పెట్టాల్సి వస్తుంది. అది తెలిసీ ‘అన్నీ భూమిలోనే’ అని నినాదం ఇస్తే మన మాట ఎవరూ వినరు. మేం అడిగేది చివరి ఒకటి రెండు కిలోమీటర్లు. లైన్లు గుమిగూడే చోట, ఊరి ఇళ్ల పక్కన, తోటల మీద 132, 220 కేవీ లైన్లను కేబులుగా దించండి. వీలుకాని చోట నాలుగు లైన్లకు నాలుగు దారులు కాకుండా ఒకే టవరు మీద నాలుగు సర్క్యూట్లు పెట్టండి, లేదా నాలుగు కాళ్ల టవరు బదులు ఒంటి స్తంభం వేయండి. పట్నంలో రోడ్డు మధ్య డివైడరులో ఒంటి స్తంభాలు వేయడం తెలిసినవాళ్లకు పొలం గట్టు మీద వేయడం తెలియదా?

కేబులు దారి అన్నంత మాత్రాన మన పొలం బాగుపడుతుందని కూడా కాదు. దారి ఎటు గీశారన్నది ముఖ్యం. కేబులు కందకం నాలుగైదు అడుగులకు తక్కువ కాకుండా లోతుగా ఉంటుంది. కేబులు నడుస్తుంటే వేడెక్కుతుంది. ఆ వేడి మట్టిలోకి పోవాలి. ఎండి నెర్రెలిచ్చిన రేగడి వేడిని లాగదు. అందుకని చుట్టూ ఇసుక లాంటి ప్రత్యేక మట్టి నింపి, పైన సిమెంటు పలకలు పరిచి, హెచ్చరిక పట్టీ వేసి పూడుస్తారు. కేబులు చుట్టలుగా వస్తుంది కాబట్టి సుమారు అరకిలోమీటరుకొక జాయింటు గుంట ఉంటుంది. ఆ దారి మీద బోరు వేయలేం, లోతుగా వేళ్లు పోయే చెట్టు పెంచలేం. దుక్కి దున్నుకోవచ్చు. కాబట్టి దారి మన పొలాల మధ్య నుంచి అడ్డంగా కాకుండా ఆర్ అండ్ బీ రోడ్డు అంచున, డొంకల వెంట పోవాలి. జాయింటు గుంటలు పొలంలో రాకూడదు. కాలువ దాటాల్సి వస్తే గండి కొట్టకుండా, కింద నుంచి బోరింగు మిషనుతో పైపులు తోసి అందులోంచి లాగాలి. కారు మధ్యలో కాలువ తెంపి ‘వారంలో పూడుస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. మా పక్క ఊళ్లో ఒక కాంట్రాక్టరు కందకం తవ్వి, పైమట్టినీ లోపలి సుద్దమట్టినీ కలిపేసి పూడ్చి పోయాడు. ఆ చారలో రెండేళ్లు మిరప మోకాలెత్తు దాటలేదు. పైమట్టి ఒక వైపు, లోమట్టి ఇంకో వైపు పోసి, అదే వరసలో తిరిగి పూడ్చాలని పని మొదలుపెట్టక ముందే కాగితం మీద రాయించుకోండి.

పరిహారం గురించి చాలామందికి పాత లెక్కే తెలుసు. లైను వేయడానికి మన అనుమతి అక్కర్లేదన్న అధికారం వాళ్లకు 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షను ద్వారా, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి వస్తోంది. 2023లో కొత్త టెలికం చట్టం వచ్చినా కరెంటు లైన్ల వరకు పాత చట్టపు మూడో భాగాన్నే కొనసాగించారు. ఇంగ్లీషువాడు తపాలా తీగ కోసం రాసుకున్న చట్టంతో 765 కేవీ టవరు నాటుతున్నారు, అది వేరే పోరాటం. కానీ ఆ చట్టంలోనే పదో సెక్షను, వీలైనంత తక్కువ నష్టం చేయాలి, చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి అంటుంది. ఇచ్చింది చాలకపోతే పదహారో సెక్షను కింద జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు. 2007లో సుప్రీంకోర్టు కేరళ విద్యుత్ బోర్డు కేసులో, పరిహారానికి అందరికీ ఒకే కొలబద్ద పెట్టకూడదు, భూమి ఎక్కడుంది, లైను ఎటు పోయింది, మిగతా భూమి ఎంతవరకు పనికొస్తుంది అన్నీ చూడాలని చెప్పింది. కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో టవరు అడుగు భూమికి విలువలో 85 శాతం, తీగల కింద దారికి 15 శాతం వరకు అన్నారు. 2024 జూన్‌లో దాన్ని మార్చి టవరు అడుగుకు భూమి విలువకు రెట్టింపు, అంటే 200 శాతం, తీగల కింద 30 శాతం అన్నారు. టవరు అడుగు అంటే నాలుగు కాళ్ల మధ్య స్థలమే కాదు, చుట్టూ ఒక్కో మీటరు కలిపి లెక్కించాలి. 2025 మార్చిలో పట్టణ ప్రాంతాల్లో దారికి 45, మహానగరాల్లో 60 శాతం చేశారు, పల్లెకు 30 అలాగే ఉంచారు. ఇవి 66 కేవీ, ఆ పైన లైన్లకు. రాష్ట్రాలు వీటిని తమ లైన్లకూ వర్తింపజేస్తూ ఉత్తర్వులు ఇవ్వాలి. మీ పొలంలో లైను వేస్తున్నవాళ్లు ఏ ఉత్తర్వు ప్రకారం లెక్క కట్టారో నంబరుతో సహా అడిగి రాసుకోండి. నోటిమాట మీద సంతకం చేయొద్దు.

ఈ లెక్కలన్నిటిలో కౌలు రైతు ఎక్కడా కనపడడు. టవరు పరిహారం పట్టాదారుకు పోతుంది. తొక్కిన పంట కౌలు రైతుది. 2013 చట్టం, మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారులను, కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సీసీఆర్‌సీ కార్డు ఉన్నవాళ్లు ఆ కార్డు నకలు జతచేసి పంట నష్టం దరఖాస్తు పెట్టాలి. కార్డు లేని వాళ్ల కోసం గ్రామ కమిటీలు ఎవరు ఏ సర్వే నంబరులో సాగు చేస్తున్నారో పని మొదలయ్యే ముందే ఫోటోలతో రాసి పెట్టాలి. టవరు గుంట తీశాక ఎవరి పంటో తేల్చడం కష్టం.

రాయలసీమలో, పాలమూరులో సోలారు, గాలిమరల కరెంటు తరలించడానికి ఇంకా ఎన్నో పూలింగ్ స్టేషన్లు, 400, 765 కేవీ లైన్లు రాబోతున్నాయి. కరెంటు వద్దని మనం అనడం లేదు, బోరు మోటారు తిరగాలంటే మనకే ముందు కావాలి. అడిగేది ఒక్కటే. కొత్త సబ్‌స్టేషన్ ప్రతిపాదించిన ప్రతిచోట బయలు పద్ధతికి ఎంత భూమి, భవనం పద్ధతికి ఎంత భూమి, లైన్ల దారులతో కలిపి రెండిటికీ మొత్తం ఎంత అని పక్కపక్కన చూపే కాగితం తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. జీఐఎస్ కడుతూ కూడా బయలు సబ్‌స్టేషన్‌కు సరిపడా భూమి తీసుకుంటుంటే, మిగిలిన భూమి దేనికో చెప్పాలి. ‘భవిష్యత్ బేలు’ అంటే హాలు ఒక చివర గోడ తీసి పొడిగించుకునే వీలు ఉంచుకుంటే చాలు, దానికి పదేసి ఎకరాలు అక్కర్లేదు. ఐదేళ్లు వాడకుండా ఉన్న భూమిని తిరిగి ఇవ్వాలన్నది కూడా అదే 2013 చట్టంలోని 101వ సెక్షను. రాష్ట్ర సవరణలు ఏమన్నా సరే, ఆ డిమాండు మనం వదలకూడదు.

ఈ నెలాఖరులోగా మండల కమిటీలు తమ పరిధిలో ప్రతిపాదనలో ఉన్న సబ్‌స్టేషన్లు, లైన్ల వివరాలు సేకరించాలి. సర్వే నంబర్లు, విస్తీర్ణం, మాగాణా మెట్టా, పట్టానా ఎసైన్డా, కౌలుదార్లు ఎందరు, నోటిఫికేషన్ తేదీ ఏమిటి అన్నవి రాసి జిల్లా కమిటీకి పంపండి. నోటిఫికేషన్ వచ్చిన ఊళ్లు ఆ తేదీ నుంచి 60 రోజులు లెక్కపెట్టుకుని, అభ్యంతర పత్రం రెండు ప్రతులు రాసి, ఒకటి కలెక్టరేట్‌లో ఇచ్చి రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి.